చెవి, ముక్కు, గొంతు: పరీక్షకు నిలిచిన చికిత్సలు

(మన సంఘ సంవత్సరాది సభలో చేసిన ఉపన్యాస పాఠం)



ఈ ఉదయం మన పొరుగున ఉన్న మహారాష్ట్ర సోదరులు వాకిట గుఢీ నిలిపి వేపాకు నమిలారు. మనం మన ఇండ్లలో వేపపూత పచ్చడి తిన్నాము. దినమూ ఒకటే, చేదూ ఒకటే. చేదుతో ప్రారంభమయ్యే పండుగ గనుక నాలుగు చేదు మాటలు చెప్పినా మీరు మన్నిస్తారనే ధైర్యంతో నిలుచున్నాము. కార్యదర్శిగారు మా ఇంటికి వచ్చి, "డాక్టరుగారూ! నలభై ఏండ్లు మా చెవులూ, ముక్కులూ, గొంతులూ చూచారు. పదవీ విరమణ అయినది గదా! ఈసారి మీరే మాట్లాడాలి" అని పట్టుబట్టారు. వారి మాట త్రోసివేయలేకపోయాము.

ఈ నలభై ఏండ్లలో మా గదిలోకి వచ్చిన తల్లులు మమ్మల్ని అడిగిన ప్రశ్నలు ముచ్చటగా మూడు. "చెవిపోటుకు నూనె పోయవచ్చునా?" "పిల్లవానికి టాన్సిల్స్ తీసివేయించమంటారా?" "జలుబుకు గట్టి మందు వ్రాయరాదూ?" ఈ మూడింటికీ సమాధానం చెప్పే ముందు నాలుగవ ప్రశ్న ఒకటి ఉన్నది. అది ఎవరూ మమ్మల్ని అడగలేదు. "ఆ సంగతి మీకెట్లా తెలుసు?" అన్నదే ఆ ప్రశ్న. ఈనాటి మా ఉపన్యాసమంతా దానికి సమాధానమే.

రోగికి మందు ఇచ్చాము, రోగం నయమయినది. అయితే మందు వల్లనే నయమయినదా? జలుబుకు మందు వేసుకుంటే వారం, వేసుకోకుంటే ఏడు దినాలు అని మనవాళ్ళు ఊరక అనలేదు. తనంతట తాను తగ్గే రోగానికి ఏ మందు ఇచ్చినా ఆ మందుకే కీర్తి వస్తుంది. ఈ భ్రమ తొలగడానికి మార్గం ఒక్కటే. ఒకే తీరు రోగులను రెండు జట్లుగా విడదీయాలి. ఎవరు ఏ జట్టులోకి పోవాలన్నది వైద్యుని ఇష్టానికి గాని రోగి ఇష్టానికి గాని వదలక చీటీ వేసి నిర్ణయించాలి. ఒక జట్టుకు క్రొత్త చికిత్స, రెండవ జట్టుకు పాత చికిత్స ఇచ్చి, నెలల తరబడి చూచి లెక్క కట్టాలి.

ఈ పద్ధతికి దారి చూపిన గొప్ప పరిశీలన బ్రిటనులో స్ట్రెప్టోమైసిన్ మందుపై జరిగినది. దాని ఫలితం 1948లో వెలువడినది. క్షయరోగులు 107 మందిలో 55 మందికి ఆ సూది మందు ఇచ్చారు. 52 మందికి మంచం మీద విశ్రాంతి మాత్రమే. ఆరు నెలలలో మందు జట్టున నలుగురు, విశ్రాంతి జట్టున 14 మంది మరణించారు. అదే పరిశీలనలో మరొక సంగతీ బయటపడినది. మందు పుచ్చుకున్నవారిలో చాలామందికి కండ్లు తిరగసాగినవి. ప్రాణం నిలిపిన ఆ మందే లోచెవిలోని తూకపు యంత్రాన్ని దెబ్బతీసినది. మేలూ కీడూ రెండూ ఒకే తక్కెడలో తూగినప్పుడే వైద్యం శాస్త్రమవుతుంది.

ఇది దొరలకే చెల్లు అనుకోవద్దు. 1956లో మదరాసులో ప్రారంభమయిన పరిశీలనలో 193 మంది బీద క్షయరోగులను చీటీ వేసి రెండు జట్లు చేశారు. కొందరిని శానటోరియంలో ఉంచి మంచి తిండీ విశ్రాంతీ ఇచ్చారు. తక్కినవారికి అవే మందులు ఇరుకు ఇండ్లలోనే ఇచ్చారు. ఏడాదికి రెండు జట్ల ఫలితమూ దాదాపు ఒకటిగానే ఉన్నది. 1959లో ఈ లెక్క ప్రకటించిన పిమ్మట ప్రపంచమంతటా క్షయకు ఇంటివద్ద చికిత్స చేసే పద్ధతికి బలం వచ్చినది. మన వంటి బీదల ఇండ్లలో పుట్టిన జ్ఞానం అది.

ఇక గొంతు సంగతికి వద్దాము. దీనికి మా ఇంటి కథ ఒకటి చెప్పక తప్పదు.

మా నాయన ఈ షోలాపూరులోనే మగ్గం నేశారు. మాకు ఎనిమిదవ ఏట, 1959లో, ఊరిలోని ఒక ఆసుపత్రిలో మా టాన్సిల్స్ కోసివేశారు. ఏడాదికి రెండుసార్లు గొంతు నొప్పి వచ్చేది. అంతకు మించిన కారణం ఏదీ మాకు జ్ఞాపకం లేదు. బడిలో మాతోపాటు కూర్చున్నవారిలో నలుగురైదుగురికి ఆ కోత అయినది. ఆ వైద్యుణ్ణి మేము తప్పు పట్టము. ఆనాడు లోకమంతటా అదే ఆచారం.

ఆ ఆచారం ఎంత గ్రుడ్డిదో తెలిపిన లెక్క అప్పటికి పాతికేండ్ల క్రిందటనే వెలువడి ఉన్నది. న్యూయార్కు నగరంలో 11 ఏండ్ల బడిపిల్లలు వెయ్యిమందిని పరీక్షించి 1934లో ఒక నివేదిక ప్రకటించారు. ఆ వెయ్యిమందిలో 611 మందికి అప్పటికే టాన్సిల్స్ తీసివేసి ఉన్నారు. మిగిలిన 389 మందిని వైద్యులకు చూపితే 174 మందికి కోత అవసరమన్నారు. అక్కరలేదన్న 215 మందిని వేరే వైద్యులకు చూపారు. వారు అందులో 99 మందికి అవసరమన్నారు. మిగిలిన 116 మందిని మూడవ జట్టు వైద్యులకు చూపితే 51 మందికి అవసరమన్నారు. చివరకు 65 మంది మిగిలారు. ప్రతి జట్టు వైద్యులూ తమ ముందు నిలిచిన పిల్లలలో నూటికి సుమారు 45 మందికి కోత వ్రాశారు. ఆ పిల్లలు రోగులైనా సరే, రోగం లేదని ఇతర వైద్యులు పంపివేసినవారైనా సరే, లెక్క మారలేదు. వారి కండ్లు చూచినది గొంతును కాదు, తమ అలవాటును.

1938లో గ్లోవర్ అనే ఇంగ్లీషు వైద్యుడు మరొక చిత్రం చూపాడు. ఇంగ్లండులో ఒక ఊరికీ ప్రక్క ఊరికీ టాన్సిల్స్ కోతల సంఖ్యలో ఎన్నో రెట్ల తేడా ఉన్నది. హార్న్‌సీ అనే పట్టణంలో ఏటా నూరుకు మించి జరుగుతూ వచ్చిన కోతలు 1929లో బడుల వైద్యాధికారి మారగానే పది పన్నెండుకు దిగినవి. పిల్లల గొంతులు ఒక్క ఏటిలో మారలేదు, వైద్యుడు మారాడు.

అయితే టాన్సిల్స్ తీయడమే తప్పా? అదీ కాదు. చీటీ వేసి పరీక్షించిన తరువాత సంగతి తేటపడినది. అమెరికాలోని పిట్స్‌బర్గులో పారడైజ్ అనే వైద్యుడూ, ఆయన సహచరులూ 187 మంది పిల్లలను పరిశీలించి 1984లో ఫలితం ప్రకటించారు. వారిలో 91 మందిని చీటీ పద్ధతిన విడదీశారు. తక్కినవారు తల్లిదండ్రుల ఇష్టం చొప్పున చేరారు. వారు పెట్టుకున్న నియమం గట్టిది. ఒక ఏడాదిలో ఏడుసార్లు గాని, వరుసగా రెండేండ్లు ఏటా ఐదుసార్లు గాని, వరుసగా మూడేండ్లు ఏటా మూడుసార్లు గాని గొంతు బాగా చెడి, ఆ సంగతి వైద్యుని పుస్తకంలో నమోదయి ఉండాలి. అటువంటి పిల్లలకు కోత వల్ల రెండేండ్లపాటు గొంతు నొప్పులు నిజంగానే తగ్గినవి. కాని కోత లేని పిల్లలలోనూ చాలామందికి కాలక్రమాన వాటంతట అవే తగ్గినవి. తరువాత అదే వైద్యబృందం అంత తీవ్రం కాని పిల్లలను పరీక్షించి, వారికి కలిగే మేలు కోతలోని కష్టానికి తగినంత లేదని 2002లో తేల్చినది.

పెద్దవారి సంగతి వేరు. బ్రిటనులో 27 ఆసుపత్రులలో 453 మంది పెద్దవారిపై జరిగిన పరిశీలన 2023లో వెలువడినది. మాటిమాటికీ టాన్సిల్స్ వాచేవారికి కోత జరిగితే రెండేండ్లలో గొంతు నొప్పి దినాల మధ్యస్థ సంఖ్య 23. కోత లేనివారికి 30. కోతకు కొంత మేలున్నది, కాని అది మంత్రం కాదు. రాత్రి గురక పెడుతూ నిద్రలో ఊపిరి ఆగే పిల్లల సంగతి మరొకటి. 2013లో ప్రకటించిన అమెరికా పరిశీలనలో ఐదు మొదలు తొమ్మిదేండ్ల పిల్లలకు టాన్సిల్స్, అడినాయిడ్స్ తీసివేస్తే ఏడు నెలలకు నూటికి 79 మందికి నిద్రలో ఊపిరి సరిపడినది. ఊరక వేచిచూచినవారిలో 46 మందికి మాత్రమే. కనుక అమ్మలారా! కోత అక్కరలేని గొంతులూ ఉన్నవి, కోత కావలసిన గొంతులూ ఉన్నవి. ఎన్నిసార్లు జ్వరం వచ్చినదో, ఎన్ని దినాలు బడి మానాడో కాలెండరు మీద గుర్తు పెట్టుకొని వైద్యుని వద్దకు రండి. "ఎప్పుడూ వస్తుందండీ" అన్న మాటకంటె ఆ గుర్తులు వేయిరెట్లు మేలు. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినదన్న సామెత మనకు ఎప్పటినుండో ఉన్నది గదా!

ఇప్పుడు మా ఇంటి కథలో రెండవ భాగం. మాకొక చెల్లెలుండేది, మా కంటె మూడేండ్లు చిన్నది. 1963లో దానికి తొమ్మిదవ ఏట గొంతు నొప్పి, జ్వరం వచ్చినవి. అమ్మ మిరియాల కషాయం పోసి, కరక్కాయ బుగ్గన పెట్టించినది. నాలుగు దినాలలో తగ్గినది. మూడు వారాల తరువాత మోకాలు వాచినది. అది తగ్గి చీలమండ వాచినది. అదీ తగ్గి మోచేయి వాచినది. వాతమన్నారు, చలిగాలి అన్నారు, తైలం రాశారు. అదీ తగ్గినది. అందరమూ మరచిపోయాము.

1972లో మేము వైద్యకళాశాలలో మూడవ ఏడు చదువుతూ ఉండగా మా ఆచార్యులు రుమాటిక్ జ్వరం పాఠం చెప్పారు. స్ట్రెప్టోకాకస్ అనే సూక్ష్మజీవి వల్ల గొంతు చెడుతుంది. రెండు మూడు వారాలకు కీళ్ళు ఒకదాని తరువాత ఒకటి వాస్తాయి. కీళ్ళు బాగుపడతాయి, కాని లోపల గుండె కవాటాలు చెడిపోతాయి. ఆ పాఠం వింటూ మేము వ్రాసుకుంటూ ఉన్న కలం ఆగిపోయినది. అది మా చెల్లెలి కథ. ఆ ఆదివారం ఇంటికి వచ్చి దాని గుండె మీద స్టెతస్కోపు పెట్టాము. వినబడకూడని చప్పుడు వినబడినది. మూడేండ్ల తరువాత తొలి కాన్పున దానికి ఊపిరి అందలేదు. బొంబాయిలో గుండెకు శస్త్రచికిత్స చేయించాము. బిడ్డ దక్కినది, చెల్లెలు మరి ఎనిమిదేండ్లు బ్రతికి 1983లో ఇరువది తొమ్మిదవ ఏట కాలం చేసినది. మా అమ్మ చివరిదాకా, "పోరికి గొంతు నొస్తున్నదంటే కషాయం పోసిన బిడ్డా, నాకేం తెలుసు?" అని అంటూనే ఉండేది. నిజమే, ఆమెకేమి తెలుసు?

కాని తెలిసినవారు ఉన్నారు. చెల్లెలికి గొంతు నొప్పి రావడానికి పదమూడేండ్ల ముందే, 1950లో, అమెరికాలో వయోమింగు రాష్ట్రంలోని ఒక వైమానిక స్థావరంలో జరిగిన పరిశీలన వెలువడి ఉన్నది. స్ట్రెప్టోకాకస్ వల్ల గొంతు చెడిన సైనికులలో 798 మందికి పెన్సిలిన్ ఇచ్చారు. 804 మందికి ఇవ్వలేదు. పెన్సిలిన్ పుచ్చుకున్నవారిలో ఇద్దరికీ, పుచ్చుకోనివారిలో 17 మందికీ రుమాటిక్ జ్వరం వచ్చినది. గొంతు నొప్పి మొదలయిన తొమ్మిది దినాలలోపు పెన్సిలిన్ పడినా ఈ ఆపద తప్పించవచ్చునని తరువాత తేలినది. ఒకే ఇంటిలో అన్నకు అక్కరలేని కోత అయినది. చెల్లెలికి కావలసిన సూది అందలేదు. మేము ఈ వృత్తిలో గడిపిన కాలమంతా ఈ రెండింటి మధ్యనే గడచినది.

అలాగని ప్రతి గొంతు నొప్పికీ పెన్సిలిన్ మ్రింగించవద్దు. పిల్లల గొంతు నొప్పులు పదింటిలో స్ట్రెప్టోకాకస్ వల్ల వచ్చేవి రెండు మూడే. తక్కినవి చాలా వరకు వైరస్ వల్ల వచ్చి వాటంతట అవే పోతాయి. ముక్కు కారుతూ, దగ్గు, గొంతు బొంగురు ఉంటే వైరస్ అనుకోవచ్చు. ఐదు మొదలు పదిహేనేండ్ల పిల్లవానికి దగ్గూ జలుబూ లేకుండా హఠాత్తుగా జ్వరం వచ్చి, టాన్సిల్స్ మీద తెల్లని మచ్చలు, మెడ ముందు ప్రక్క గడ్డలు నొప్పిగా ఉంటే వెంటనే వైద్యునికి చూపండి. వైద్యుడు పది దినాల మందు వ్రాస్తే పది దినాలూ వేయండి. మూడవనాటికి పిల్లవాడు ఆడుకుంటున్నాడని సీసా అటక మీద పెట్టవద్దు. ఒకసారి రుమాటిక్ జ్వరం వచ్చిన పిల్లలకు మూడు నాలుగు వారాలకొక పెన్సిలిన్ సూది ఏండ్ల తరబడి వేయించాలి. ఆఫ్రికాలోని ఉగాండాలో బయటికి ఏ లక్షణమూ లేక, గుండె స్కానింగులో మాత్రమే తొలిదశ కవాట దోషం కనబడిన 818 మంది పిల్లలపై పరిశీలన జరిపి 2022లో ప్రకటించారు. నెలనెలా సూది వేసినవారిలో రెండేండ్లలో దోషం ముదిరినది నూటికి ఒకరికంటె తక్కువ. వేయనివారిలో నూటికి ఎనిమిది మంది. మా చెల్లెలి కాలంలో ఆ స్కానింగు లేదు. ఈనాడు ఉన్నది.

చెవి మాట. చెవిలో వెల్లుల్లి వేసి కాచిన నూనె పోయడం మన ఇండ్లలో తరతరాల వైద్యం. మా అవ్వ పోసేది, మేమూ పోయించుకున్నాము. కర్ణభేరి చెక్కుచెదరకుండా ఉంటే గోరువెచ్చని నూనె గులిమిని మెత్తబరచవచ్చు. అంతకు మించి దాని వల్ల రోగం పోదు. కర్ణభేరికి రంధ్రం పడి ఉంటే ఆ నూనె నేరుగా నడిచెవిలోకి పోయి చెడు చేస్తుంది. రంధ్రం ఉన్నదో లేదో బయటినుండి తల్లికి కనబడదు. అందువల్ల పోయకపోవడమే క్షేమం. కోడి ఈకా, అగ్గిపుల్లా, పిన్నీసూ చెవి దరికి రానీయవద్దు.

పసిపిల్లలకు జలుబు తరువాత వచ్చే చెవిపోటు చాలా వరకు రెండు మూడు దినాలలో దానంతట అది తగ్గుతుంది. కావలసినది నొప్పి తగ్గే మందు. అయితే రెండేండ్ల లోపు పిల్లల సంగతి జాగ్రత్తగా చూడాలి. ఫిన్లండులో మూడేండ్ల లోపు పిల్లలు 319 మందిపై జరిపిన పరిశీలన 2011లో వెలువడినది. సూక్ష్మజీవి నాశక మందు ఇచ్చినవారిలో చికిత్స విఫలమయినది నూటికి 19 మందికి. ఉత్తుత్తి మందు ఇచ్చినవారిలో 45 మందికి. కాని మందు పుచ్చుకున్నవారిలో దాదాపు సగంమందికి విరేచనాలయినవి. మేలు ఎంతో, కీడు ఎంతో రెండూ మీ ఎదుటనే ఉన్నవి. మళ్ళీ మళ్ళీ చెవి చెడే పిల్లలకు కర్ణభేరిలో చిన్న గొట్టం అమర్చే ఆచారం ఉన్నది. 250 మంది పసివారిపై పరీక్షించి 2021లో లెక్క చెప్పారు. గొట్టం అమర్చిన పిల్లలకు ఏడాదికి సగటున 1.48 సార్లు, మందులతో సరిపెట్టిన పిల్లలకు 1.56 సార్లు చెవి చెడినది. తేడా లేదన్నమాటే. నడిచెవిలో నీరు నెలల తరబడి నిలిచి వినికిడి తగ్గిన పిల్లల సంగతి వేరు. అక్కడ గొట్టం వల్ల కొంతకాలం వినికిడి మెరుగవుతుంది.

మన పేటలలో మేము ఎక్కువగా చూచినది ఏండ్ల తరబడి చీము కారే చెవి. తల్లులు దీనిని లెక్కచేయరు. "చిన్నప్పటినుండీ ఉన్నదే గదా" అంటారు. ఆఫ్రికాలోని కెన్యాలో ఇటువంటి బడిపిల్లలు 524 మందిని మూడు జట్లు చేసి పరీక్షించి 1996లో ఫలితం ప్రకటించారు. చెవిని వత్తితో తుడిచి ఆరబెట్టడమే కాక మందులు కూడా ఇచ్చిన జట్టున 16 వారాలకు నూటికి 51 మందికి చీము ఆగినది. తుడవడం మాత్రమే చేసిన జట్టున 22 మందికి. ఏమీ చేయని జట్టునా 22 మందికే. అంటే ఉత్త తుడుపు వల్ల ప్రయోజనం కనబడలేదు. తుడిచి శుభ్రం చేసిన చెవిలో సిప్రోఫ్లాక్సాసిన్ వంటి చుక్కల మందు వేయడం నోటి మాత్రలకంటె బాగా పనిచేస్తుందని తరువాతి పరిశీలనలు తెలిపినవి. చీము ఆగిన పిమ్మట రంధ్రాన్ని శస్త్రచికిత్సతో మూయవచ్చు. దుర్వాసనతో కారే చెవి మరింత ప్రమాదం. లోపల ఎముకను తినివేసే పొర పెరిగి ఉండవచ్చు. అది మెదడుదాకా పోగలదు. చీము కారుతూ తలనొప్పి, జ్వరం, మూతి వంకర, కండ్లు తిరగడం తోడయితే ఆనాడే ఆసుపత్రికి తీసుకొనిపొండి.

ముక్కు సంగతి త్వరగా ముగిస్తాము. జలుబు ముదిరి ముఖం బరువెక్కితే ఖరీదయిన మందు కోసం పట్టుబడతారు. అమెరికాలోని సెంట్‌లూయిస్‌లో 166 మంది పెద్దవారిపై జరిపి 2012లో ప్రకటించిన పరిశీలనలో అమాక్సిసిలిన్ పుచ్చుకున్నవారూ, ఉత్తుత్తి మాత్ర పుచ్చుకున్నవారూ మూడవనాటికీ పదవనాటికీ ఒకేవిధంగా ఉన్నారు. దీర్ఘకాలం ముక్కుదిబ్బడతో బాధపడేవారికి ఉప్పునీటితో ముక్కు కడగడం కొంత మేలు చేస్తుందనీ, ఆవిరి పట్టడం వల్ల అంత మేలు లేదనీ బ్రిటనులో పరీక్షించి 2016లో చెప్పారు. ముక్కు కడిగే నీరు కాచి చల్లార్చినదై ఉండాలి. ఆవిరి పట్టేటప్పుడు మరిగే నీటి గిన్నె ఒలికి ఒడలు కాలిన పిల్లలను మేము చూచాము. పసివారికి ఆ వైద్యం మానండి.

మందూ కోతా లేకుండా గెలిచిన చికిత్స కూడా ఒకటి ఉన్నది. ప్రక్క మీద అటు ఇటు తిరిగినప్పుడు అర నిముషం లోకమంతా గిర్రున తిరిగే రోగం పెద్దవారికి తరచు వస్తుంది. లోచెవిలో ఉండవలసిన సున్నపు రేణువులు చోటు తప్పి గొట్టాలలో పడడం దీనికి కారణం. అమెరికాలోని పోర్ట్‌లాండు వైద్యుడు జాన్ ఎప్లీ రోగి తలను వరుసగా నాలుగు విధాల త్రిప్పి ఆ రేణువులను వాటి చోటికి జారవిడిచే పద్ధతి కనుగొన్నాడు. తోటి వైద్యులు మొదట నవ్వారు. 1992లో ఆయన వ్యాసం వెలువడినది. పిమ్మట ఇతరులు చీటీ వేసి పరీక్షించగా ఆ పద్ధతి నిజమని తేలినది. ఐదు నిముషాల పని. దీనికి ఏండ్ల తరబడి మాత్రలు మ్రింగుతూ వచ్చినవారు మంచం మీదనుండి లేచి, నవ్వుతూ ఇంటికి పోవడం మేము చూచాము.

చివరగా మన ఊరి మాట. మనవాళ్ళు సాంచాలని పిలిచే మరమగ్గాల నడుమ మనలో ఎందరో జీవితం గడిపారు. ఆ షెడ్డులో చప్పుడు తరచు 90 డెసిబెల్స్ దాటుతుంది. మన దేశపు కార్ఖానాల నిబంధనల ప్రకారం 90 డెసిబెల్స్ చప్పుడులో ఎనిమిది గంటలకు మించి ఉండరాదు. 95 అయితే నాలుగు గంటలు, 100 అయితే రెండే గంటలు. మా నాయన చేతిమగ్గం వదలి సాంచాల మీదికి పోయిన పదిహేనేండ్లకు మేము పిలిస్తే పలుకడం మానేశారు. అమ్మ ఆయన అలిగారనుకొనేది. లోచెవిలో శబ్దాన్ని పట్టే సన్నని కణాలు ఒకసారి చచ్చితే మనిషిలో మళ్ళీ మొలకెత్తవు. వాటిని మొలిపించే మందు ఏదీ ఇంతవరకు పరీక్షకు నిలవలేదు. ఇక్కడ చికిత్స అంటే ముందు జాగ్రత్తే. చెవిలో పెట్టుకొనే రబ్బరు బిరడాలు కొద్ది రూపాయలకు దొరుకుతాయి. దూది సరిపోదు.

వినికిడి తగ్గినవారికి చెవి యంత్రం పెట్టుకోవడం సిగ్గుగా ఉంటుంది. కండ్లజోడుకు లేని సిగ్గు దీనికెందుకో! వినికిడి తగ్గిన 70 మొదలు 84 ఏండ్ల వృద్ధులు 977 మందిని అమెరికాలో మూడేండ్లు పరిశీలించి 2023లో ఫలితం చెప్పారు. మొత్తం మీద చూస్తే యంత్రం పెట్టుకున్నవారికీ, పెట్టుకోనివారికీ మతి తగ్గడంలో తేడా కనబడలేదు. కాని ఇతర కారణాల వల్ల మతి తగ్గే ప్రమాదం ఎక్కువగా ఉన్న జట్టున, యంత్రం పెట్టుకున్నవారికి ఆ తగ్గుదల దాదాపు సగానికి సగం నెమ్మదించినది. మతి సంగతి అటుంచండి. మనుమరాలు చెప్పే మాట వినబడడం చాలదా?

 మేము చెప్పిన సంఖ్యలు మీకు జ్ఞాపకం ఉండనక్కరలేదు. ఆ సంఖ్యల వెనుక న్యూయార్కు బడిపిల్లలూ, మదరాసు బీదలూ, కెన్యా, ఉగాండా పసివారూ ఉన్నారు. వారూ వారి తల్లులూ పరీక్షకు ఒప్పుకొని నిలబడినందుననే మన పిల్లలకు ఏది చేయాలో, ఏది మానాలో ఈనాడు కొంత తెలుస్తున్నది. వారి ఋణం మనం తీర్చగల విధం ఒక్కటే. తెలిసినదాన్ని ఇంటింటా ఆచరించడం. వైద్యుడు కోత అన్నా, మందు అన్నా, "అయ్యా! చేయకపోతే ఏమవుతుంది?" అని వినయంగా అడగండి. మంచి వైద్యుడు కోపగించుకోడు.

సంఘంవారికి మా మనవి ఒకటి. మన బడిలో చదివే పిల్లల చెవులు, గొంతు, గుండె ఏడాదికొకసారి పరీక్షించే ఏర్పాటు ఈ సంవత్సరం నుండి చేయించండి. మా చేతనయినన్నినాళ్ళు మేము వచ్చి కూర్చుంటాము. మా చెల్లెలి బిడ్డ కూడా వైద్యురాలే. గుండె చప్పుడు తాను వింటానని మాట ఇచ్చినది.

అందరికీ ఈ క్రొత్త సంవత్సరం ఆరోగ్యంగా గడచుగాక! సెలవు.